రోకలిబండ చేసిన నేరమేమి?

తొలకరి పడగానే మన పలాస, మందస తోటలలో రోకలిబండలు బయలుదేరును. ముట్టినయెడల చుట్ట చుట్టుకొని పడియుండును; కొండి లేదు, ఎవరినీ తరుమదు. నొక్కినప్పుడు పక్కలనున్న సన్న రంధ్రములనుండి పసరు కార్చును. గుండ్రని జాతులలో అది క్వినోనులు గలది. చర్మమును మరకచేయును, కంటిని మండించును. చదునైన జాతులలో మరియొక వింత: సయనైడు వాయువు పుట్టు సరుకు ఒక అరలోను, దానిని విడగొట్టునది వేరొక అరలోను ఉండును. ఆపద వచ్చువరకు ఆ రెండును కలియవు. మన కోపము ఇంత ఓర్పుగలది కాదు గదా!

ఆదికాండము మొదటి అధ్యాయముమీద ప్రసంగము సిద్ధపరచుకొని వచ్చిన ఒక ఆదివారమే, మందిరపు మెట్లమీద ఒకదానిని మేము చెప్పుతో నలిపితిమి.

"అదేటి సేసిందండి, అయ్యగారూ?" అని ఒక చిన్నపిల్ల అడిగెను.

"విషపురుగమ్మా" అంటిమి.

"జీడిపిక్కకీ ఉంటాది కదండి. మాయమ్మ సేతులు సూడండి."

తల్లి పిక్కలు కొట్టు పనికి పోవునది. తొక్కలోని నూనె ఆమె వ్రేళ్లను నల్లగా కాల్చియున్నది. లోపలి పప్పును పురుగునుండి కాచునది ఆ నూనెయే. తన్ను తాను కాచుకొనుట నేరమని మనమెవ్వరమును అనము. అయినను పప్పు రుచి గనుక పిక్కను క్షమించితిమి. రాలిన ఆకును ఎరువుచేయు రోకలిబండను చంపితిమి. ఆనాటి ప్రసంగమందు ఆ పిల్లవైపు చూడలేకపోతిమి.