హక్ చించివేసిన ఉత్తరం

ఈ దేశపు పాఠశాలల్లో చదివే మన పిల్లలలో చాలామందికి హక్, జిమ్ పరిచితులే. 1885లో అమెరికాలో వెలువడిన ఆ మార్క్ ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్'ను నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చారు. అందువల్ల పెద్దలలోనూ కొందరు బాల్యంలోనే ఆ తెప్ప ఎక్కి ఉంటారు. తాగుబోతు తండ్రి నుండి పారిపోయిన బాలుడు హక్. తనను అమ్మివేయబోతున్నారని విని తప్పించుకున్న నల్లజాతి బానిస జిమ్. మిసిసిపీ నది మీద వీరిద్దరి ప్రయాణమే కథ.

'నీ మనస్సాక్షి చెప్పినట్లు నడుచుకో' అని మనం పిల్లలకు చెబుతుంటాం. హక్ విషయంలో ఆ హితవు బెడిసికొడుతుంది. పారిపోయిన బానిసకు తోడ్పడడం దొంగతనమనీ, పాపమనీ ఊరంతా అతనికి నేర్పింది. అతని మనస్సాక్షి ఆ ఊరి గొంతుతోనే మాట్లాడుతుంది. మోసగాళ్లు జిమ్‌ను నలభై డాలర్లకు అమ్ముకున్నాక, హక్ జిమ్ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. రాయగానే పాపం కడిగివేసినంత తేలిక కలుగుతుంది. ఆ వెంటనే నది మీది రోజులు గుర్తుకు వస్తాయి: తనను నిద్ర లేపకుండా తన వంతు కాపలా కూడా జిమ్ కాసిన రాత్రులు, పొగమంచులో తప్పిపోయి తిరిగి వచ్చినప్పుడు అతని ముఖంలోని ఆనందం. నరకానికి పోయినా సరేనని ఉత్తరం చించివేస్తాడు.

బానిసత్వం తప్పని హక్ అప్పటికీ తేల్చుకోలేదు. ధర్మం ఊరి పక్షానే ఉందనీ, తానే పాపిననీ అతని నమ్మకం. ధర్మసూక్ష్మం తెలిసి కాదు, ఒక మనిషి తెలిసి మంచి పని చేశాడు. ఇక్కడే మనకు కలవరం కలగాలి. జిమ్ స్థానంలో ముక్కూ మొహం తెలియని మరొక బానిస ఉండి ఉంటే, ఆ ఉత్తరం చేరవలసిన చోటికి చేరేదేమో!

అయితే ఆ పరిచయం ఊరికే కలిగినది కాదు. పొగమంచులో విడిపోయిన సంగతంతా కలేనని హక్ ఒకసారి జిమ్‌ను నమ్మించి ఆటపట్టిస్తాడు. జిమ్ నొచ్చుకుంటాడు. ఒక బానిస ముందు తలవంచడానికి హక్‌కు పావుగంట పడుతుంది, కానీ వంచుతాడు. చివరి అధ్యాయాలలో టామ్ సాయర్ సరదా కోసం జిమ్‌ను బాధిస్తుంటే అదే హక్ ఊరుకోవడం మనకు మింగుడుపడదు.

జిమ్ మనసు లోతు మనకు అంతగా తెలియదు, కథ చెప్పేది హక్ కనుక. వరదలో కొట్టుకువచ్చిన ఇంట్లో శవాన్ని చూసి, దాని ముఖం కప్పి, పిల్లవాణ్ణి చూడనివ్వలేదు. అది నీ తండ్రేనని కథ ముగిసే వేళ మాత్రమే చెబుతాడు. జాలితో దాచాడా, తండ్రి లేడని తెలిస్తే హక్ వెనుదిరిగి పోతాడేమో, తానొక్కడే మిగులుతాడేమో అన్న భయంతో దాచాడా? ఇంట్లో ఈ పుస్తకం చదువుతున్నవారుంటే వారిని అడిగి చూద్దాం.