బిడ్డ చెప్పిన మాట ఎవరిది?

ఈ కాలమున కొన్ని పాఠశాలలలో ఒక క్రొత్త వాడుక ప్రవేశించినది. పాఠములు మొదలు కాకమునుపు ఉపాధ్యాయులు పిల్లలను, "నేడు నీ మనస్సు ఎట్లున్నది?" అని అడుగుదురు. చిన్నవారికైతే నవ్వు ముఖము, ఏడుపు ముఖము వేసిన కాగితము చూపి ఒకదానిమీద వ్రేలు పెట్టుమందురు. పెద్దవారికి ప్రశ్నలుండును: రాత్రి నిద్రపట్టినదా, ఆకలితో వచ్చితివా, ఇంటిలో ఎవరికైనను భయపడుచున్నావా? కొన్నిచోట్ల ఈ జవాబులను ఫోనులోనో కంప్యూటరులోనో ఎక్కించి దాచుదురు.

ఇది మంచి పనియే. మన గ్రామములలో బిడ్డ అన్నము తిన్నాడా అని అడుగువారు అనేకులు గాని, వాడు మనసులో ఏమి మోయుచున్నాడో అడుగువారు అరుదు. విశాఖపట్టణములో నీట్ పరీక్షకు చదువుచున్న ఒక బాలిక 2023లో మరణించెను. ఆ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరు వంటివారు ఒక్కరైనను ఉండవలెనని ఆజ్ఞాపించినది. ఒక ఇంటి దీపము ఆరిన తరువాత వచ్చిన ఆజ్ఞ అది. కాబట్టి "మా పిల్లల మనసు సంగతి బడికెందుకు?" అని తలుపు మూయువారితో మేము ఏకీభవింపజాలము.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. బిడ్డ నోటినుండి వచ్చిన తరువాత ఆ మాట ఎవరిది? "నాన్న త్రాగి వచ్చి అమ్మను కొట్టినాడు, నాకు నిద్రపట్టలేదు" అని ఏడేండ్ల పిల్ల చెప్పినదనుకొందము. అందులో ఆ పిల్ల దుఃఖమే గాక తండ్రి పాపమును, తల్లి అవమానమును, ఆ ఇంటి గుట్టును ఉన్నవి. పిల్ల తన భారము దించుకొన్నది, అంతే. అది వ్రాసిన పుస్తకమును ఎవరెవరు తెరతురు? ఆమెకు పెండ్లి మాటలు జరుగునాటికి అది ఎక్కడ ఉండును?

షిలోహులో హన్నా ప్రార్థించిన సంగతి మీరెరుగుదురు. ఆమె పెదవులు కదలుట చూచి, స్వరము వినబడకపోగా, ఏలీ ఆమె మత్తురాలని తలంచెను. ఆమె తన మనోవేదనను తెలుపుకొనగా అతడు తలంపు మార్చుకొని ఆమెను సమాధానముతో పంపెను. లేఖనము ఆ రెంటిని వ్రాసియుంచినది. ఏలీ మొదటి తలంపు మాత్రమే వ్రాయబడి హన్నా జవాబు విడువబడియుండిన యెడల, ఆమెను మనము ఏమని ఎరిగియుందుము? ఏడుపు ముఖముమీద వ్రేలు పెట్టిన బిడ్డకు తలనొప్పియే కావచ్చును, పెన్సిలు పోయి యుండవచ్చును. పది దినములు అట్లే చేసిన వానికి "దిగులు పిల్లవాడు" అని పేరు పెట్టుట సుళువు. పేరు తుడుచుట సుళువు కాదు.

దాచిన వ్రాత దాగియే యుండునని నమ్మజాలము. ఫిన్లండు దేశములో వాస్తామో అను మానసిక చికిత్స సంస్థనుండి దొంగిలిన వ్రాతలు చేతబట్టుకొని, సొమ్మియ్యనిచో మీ గుట్టు బయటపెట్టుదుమని 2020లో వేలమంది రోగులను బెదరించిరి. మన దేశములో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసిరి. 18 ఏండ్ల లోపువారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతి కావలెనని అందులో ఉన్నది. అయితే 2025 నవంబరులో వెలువడిన నియమములు, విద్యకొరకును పిల్లల క్షేమము కొరకును బడులకు కొంత సడలింపు ఇచ్చినవి. అదియుగాక, ఆ చట్టము కంప్యూటరులోని సమాచారమునకే. కాగితముమీద వ్రాసి బీరువాలో పెట్టినది దాని క్రిందికి రాదు. నోటిమాట అసలే రాదు.

మన ఊళ్లలో నోటిమాటయే కంప్యూటరుకంటె వేగము గలది! బడిలో చెప్పినది సాయంకాలమునకు కుళాయివద్దకు చేరును. ప్రార్థన కూటములో "ఫలాని ఇంటివారికొరకు ప్రార్థించుడి, ఆ తండ్రి ఏమి చేసెననగా..." అని విప్పి చెప్పునది ప్రార్థన మనవి కాదు, చాటింపు. నోవహు గుడారములో హాము చూచి బయటికి వచ్చి చెప్పెను. షేము యాపెతులు బట్ట పట్టుకొని వెనుకకు నడిచి వెళ్లిరి. వారు ఊరకుండలేదు సుమా, లోపలికి వెళ్లిరి.

కప్పుట వేరు, కీడును దాచుట వేరు. బిడ్డమీద లైంగిక దౌర్జన్యము జరిగినదని ఎరిగినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది. కాబట్టి "ఎవరితోను చెప్పను" అని ఉపాధ్యాయుడు బిడ్డకు మాట ఇయ్యరాదు. "నీకు హాని జరుగుచున్న యెడల సహాయము చేయగలవారికి చెప్పుదును" అని ముందే చెప్పుట న్యాయము. తండ్రి పరువు బిడ్డ దేహముకంటె గొప్పది కాదు. అట్టి ఆపదలో 1098కు ఫోను చేయవచ్చును.

బడిలో తలిదండ్రుల సమావేశము జరిగినప్పుడు మనవారు వెనుక బల్లమీద కూర్చుండి, చూపినచోట వ్రేలిముద్ర వేసి వచ్చుచున్నారు. ఈ జవాబులు చదువువారెవరు, ఎన్నాళ్లు ఉంచుదురు, పేరు వ్రాయకయే పని జరుగదా అని అడుగుట పొగరు కాదు. విద్యాసంస్థలు ఉంచు లెక్కలలో విద్యార్థుల గుర్తులు తెలియరాదని సుప్రీంకోర్టు ఆ తీర్పులోనే చెప్పియున్నది.

ఇక మన ఇండ్ల సంగతి. బడినుండి వచ్చిన బిడ్డను, "అయ్యవారితో ఏమి చెప్పితివి?" అని గుమ్మములోనే నిలదీయుదురు. కొన్ని ఇండ్లలో ఆ ప్రశ్న బెత్తముతో కూడ అడుగబడుచున్నది. ఆ బిడ్డ మరునాడు నవ్వు ముఖముమీదనే వ్రేలు పెట్టును.