పంచియిచ్చువాని ధర్మము

ఉమ్మడి కుటుంబము విడిపోవునపుడు పెద్దకు రెండు పనులు గలవు. ఆస్తిని పంచుట యొకటి. బలహీనుని వాటాను బలవంతుడు కాజేయకుండ చూచుట రెండవది. మొదటి పనితోనే చేతులు దులుపుకొన్న పెద్దను మనమెవ్వరము న్యాయవంతుడనము. 1991 డిసెంబరులో సోవియట్ యూనియను అంతరించిన పిమ్మట రష్యా ప్రభుత్వము అట్టి పెద్దయే యయ్యెనని మా యభిప్రాయము.

గనులు, మిల్లులు, దుకాణములు సర్వమును ప్రజల పేర ప్రభుత్వమే యేలిన దేశమది. 1992 అక్టోబరు మొదలుకొని పిన్న పెద్ద భేదము లేక ప్రతివ్యక్తికిని 10,000 రూబుళ్ల ముఖవిలువగల వోచరు నొకదానిని ఇచ్చిరి. పసిబిడ్డకును ఫ్యాక్టరీ డైరెక్టరునకును ఒకే కాగితము! సమత్వమునకు ఇంతకంటె చక్కని రూపముండునా? కాని ఫ్యాక్టరీ లెక్కలు డైరెక్టరు ఎరుగును. బిడ్డ తల్లి యెరుగదు. ఇల్లు గడువక వోచరును అయినకాడికి అమ్ముకొన్నవారు పెక్కురు.

ఇంతకు మించిన వింత 1995లో జరిగినది. ప్రభుత్వము బ్యాంకులయొద్ద అప్పుచేసి, నోరిల్స్క్ నికెల్, యూకోస్ వంటి మహాసంస్థల వాటాలను తాకట్టు పెట్టెను. అప్పు తీరలేదు, సొత్తు చేయి దాటెను. ఈ రెండింటి విషయమునను వేలము నడపిన బ్యాంకు మనుష్యులే పాట దక్కించుకొనిరి. దీనిని విపణి యనుటకు మాకు నోరు రాదు.

జాగుచేసిన పాతవారు మరల వత్తురని సంస్కర్తలు భయపడిరి. ఆ భయము వట్టిది కాదు. 1996 ఎన్నికలలో కమ్యూనిస్టు అభ్యర్థి రెండవ విడత వరకు వచ్చెను. అయినను పోలండును చూడుడు. 1990 జనవరి 1వ తేదీననే ధరలను విడిచి, నిరుద్యోగముతో మిక్కిలి బాధపడియు, పెద్ద సంస్థల సామూహిక పంపకమును అది 1995 వరకు ఆపెను. ఈలోగా, 1991లోనే, వార్సాలో వాటాల విపణిని, దానిపై తనిఖీ సంఘమును నెలకొల్పెను. ప్రభుత్వము వర్తకమునుండి తొలగవచ్చును గాని, తగవరి పీఠమునుండి తొలగరాదు.

అన్నిటికంటె మమ్ము కలచునది ముదుసలుల పొదుపుసొమ్ము. 1992 జనవరి 2వ తేదీన రష్యాలో ధరల కట్టడి వీడెను. ఏడాది తిరుగకమునుపే అవి 25 రెట్లు దాటెను. అంగడిలో సరకే లేనపుడు కట్టడి ధరకు అర్థము లేదు గనుక, దానిని వీడుటను మేము తప్పుపట్టము. కాని ప్రభుత్వమును నమ్మి ప్రభుత్వపు బ్యాంకులో దాచిన రూబుళ్లు చిత్తుకాగితములాయెను. ఆ నష్టమును తన ఋణముగ ప్రభుత్వ మొప్పుకొన్న శాసనము 1995లో గాని రాలేదు. అప్పటికి ఎందరో ఖాతాదారులు గతించియుండిరి.