నాగలి పట్టినవాని నోరు

రైతు పక్షమున మాటలాడుట వేరు, రైతే మాటలాడుట వేరు. భవానీపురవాసి హరిశ్చంద్ర ముఖర్జీ నీలిమందు రైతుల దుఃఖమును హిందూ పేట్రియాట్ పత్రికలో చాటి 1861లో గతించెను. నోరులేనివారికి ఆయన నోరయ్యెను.

నార్వే దేశపు లూథరన్ రైతుబిడ్డ హాన్స్ నీల్సెన్ హౌగె తన నోటితోనే పలికెను. 1796లో పొలము దున్నుచుండగా ఆయనకు దైవానుభవము కలిగెను. మతగురువు అనుమతి లేక ప్రార్థనకై కూడరాదని 1741 నాటి శాసనము. ఊరూర బోధించి 1804లో చెరపాలై, 1814లో తుదితీర్పు వచ్చువరకు బాధపడెను. ఆరోగ్యము చెడెను. పిదప సేద్యము, సంసారము. మొదటి భార్య గతించెను. నలుగురు బిడ్డలలో ఒక్కడే దక్కెను.

అయినను, తన్ను శిక్షించిన రాజ్యపు మతసంఘమును విడువవలదని అనుచరులకు వ్రాసియుంచి 1824లో కన్నుమూసెను. ఇది లొంగుబాటా? కాదు. లొంగినవాడు బోధ మానియుండెడివాడు. ఆయన శాసనమును ధిక్కరించెను, సోదరులను ద్వేషింపలేదు. 1842లో ఆ శాసనమే రద్దయ్యెను.