యంత్రము తీసికొన్న కాయకము – సమాజము తీర్చవలసిన ఋణము

ప్రజల ధనముతో పరిశోధన జరిపి, దాని ఫలితముగా పుట్టిన యంత్రముచేత ఆ ప్రజలలోనే కొందరి జీవనాధారమును తొలగించుట ధర్మమగునా? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకును, ఇంజనీర్లకును మాత్రమే సంబంధించినదని తోచవచ్చును. కాని కాయకమునే కైలాసముగా భావించిన శరణుల మార్గమున నడువగోరువారికి ఇంతకంటె సమీపమైన ప్రశ్న అరుదు.

ఒక వర్తకుడు తన సొంత సొమ్ముతో యంత్రమును కొని పదిమంది పనివారిని మాన్పించినచో దాని మంచిచెడ్డలను విచారించు పద్ధతి ఒకటి. ప్రభుత్వ ధనముతో జరుగు పరిశోధన సంగతి వేరు. భారతదేశమున శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1942లో ఏర్పడినది. రైలు ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు, సిగ్నళ్ళ నమూనాలను రూపొందించు ఆర్.డి.ఎస్.ఓ. అను సంస్థ 1957లో లక్నోలో వెలసినది. యాంత్రిక శాస్త్ర పరిశోధనకు దుర్గాపూరులో 1958లో ఒక కేంద్ర సంస్థయు, యంత్రములను తయారుచేయు యంత్రముల రూపకల్పనకు బెంగుళూరులో 1962లో మరియొక సంస్థయు నెలకొన్నవి. వీనికన్నింటికిని మూలధనము పన్నుల నుండియో, రైల్వే రాబడి నుండియో వచ్చినదే. అగ్గిపెట్టె కొన్న కూలివాడును, టిక్కెట్టు కొని సంతకు పోయిన రైతును ఆ పరిశోధనశాలలకు పెట్టుబడి పెట్టినవారే. అట్టి పెట్టుబడిదారుని పొయ్యియే ఆ పరిశోధన వలన చల్లారినచో, అతనికి సమాధానము చెప్పవలసినవారెవరు?

ఈ ప్రశ్నను పరీక్షించుటకు బిట్రగుంట తగిన చోటు. నెల్లూరు జిల్లాలో కావలికిని నెల్లూరుకును నడుమ, సముద్ర తీరమునకు కొలది దూరమున ఈ ఊరున్నది. బెజవాడకును మద్రాసుకును 1899లో రైలుమార్గము కలిసినది. ఆ దూరము సుమారు 430 కిలోమీటర్లు. బిట్రగుంట దానికి ఇంచుమించు నట్టనడుమ నున్నది. ఆవిరి ఇంజను బొగ్గును, నీటిని దారిపొడవునను కోరును. కొన్ని గంటలు నడిచిన పిమ్మట దాని పొయ్యిలోని బూడిదను తీసి, గొట్టములను శుభ్రపరచి, కీళ్ళకు నూనె పోసినగాని అది మరల బండిని లాగజాలదు. కావున నడిమి ఊరున అలసిన ఇంజనును విప్పి, సిద్ధమైన ఇంజనును తగిలించుట అవసరమైనది. ఆ అవసరమే ఒక పల్లెను రైల్వే పట్టణముగా మార్చినది. పెద్ద లోకో షెడ్డు, గూడ్సు పెట్టెలను విడదీసి మరల కూర్చు మార్షలింగ్ యార్డు, ఉద్యోగుల కాలనీ అచట ఏర్పడినవి. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, షంటింగు పనివారు, వారిపై ఆధారపడి పాలు పోయువారు, టీ కాచువారు, బట్టలు కుట్టువారు, అందరును ఇంజను కూతతోనే ప్రొద్దులు లెక్కించుకొనెడివారు.

ఆ పిమ్మట రెండు మార్పులు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. చిత్తరంజన్ కర్మాగారము 1972లో ఆవిరి ఇంజన్ల తయారీని ముగించినది. 1980వ దశకము ఆరంభమగునప్పటికి విజయవాడ–మద్రాసు మార్గముపై విద్యుత్తు తీగలు సాగినవి. విద్యుత్తు ఇంజనుకు బొగ్గు అక్కరలేదు, నీరు అక్కరలేదు; నడిమి ఊరున పొయ్యి శుభ్రపరచుకొన నక్కరలేదు. అదే కాలమున ఆర్.డి.ఎస్.ఓ. రూపొందించిన బాక్స్-ఎన్ అను పెద్ద గూడ్సు పెట్టెలు పట్టాలకెక్కినవి. గాలి బ్రేకులతోను, దృఢమైన నడిమి కప్లింగులతోను నడుచు ఆ పెట్టెల వరుస గని వద్ద బయలుదేరి, ఎచటను విడిపోక, గమ్యమును చేరగలదు. బండి మొత్తము ఒకే సరకుతో ఒకే చోటికి పోవునప్పుడు, దారిలో పెట్టెలను విడదీసి కూర్చు యార్డుతో పనియేమి? విద్యుత్తు షెడ్డు పనిని తీసికొన్నది. కొత్త పెట్టె యార్డు పనిని తీసికొన్నది. 1995లో దేశమునందలి పెద్ద లైనుపై ఆవిరి ఇంజన్ల నిత్యసేవ ముగియునాటికి బిట్రగుంట వైభవము గతించిన కథ అయ్యెను. ఆ ఊరు చేసిన అపరాధమేమియు లేదు. దాని నడిమితనమునకు ఉన్న విలువ పోయినది, అంతియే.

ఈ మార్పు వలన దేశమునకు కలిగిన మేలును కాదనువాడు సత్యమును మరుగుపరచినవాడగును. బరువైన బండ్లు త్వరగా నడచినవి. బొగ్గు ఆదా అయినది. ప్రయాణికులకు మసి, నలకలు తప్పినవి. రైల్వే తన స్థిరోద్యోగులను సాధారణముగా వేరు చోట్లకు బదిలీ చేసి పని కల్పించినది. కాని టీ అంగడికి బదిలీ ఉత్తర్వు లేదు. పాలు పోయు స్త్రీకి కొత్త ఊరున క్వార్టరు లేదు. షెడ్డు బూడిదలో కాలని బొగ్గు ముక్కలను ఏరుకొని బ్రతుకు నిరుపేదలు ఆవిరి షెడ్డులున్న ఊళ్ళలో ఎందరో ఉండెడివారు. వారి పేరు ఏ రికార్డునందును లేదు. లాభము దేశమంతటికిని పలుచగా పంచబడినది. నష్టము ఒక ఊరిపై దట్టముగా పడినది. ధర్మసంకటము ఇచటనే ఉన్నది.

ఇట్టి సందర్భమున రెండు తొందరపాటు సమాధానములు వినవచ్చును. యంత్రము కాయకమునకు శత్రువు, దానిని త్రోసివేయుడని కొందరందురు. ప్రగతికి ఎవరో కొందరు బలి కావలసినదే, విచారించి ప్రయోజనము లేదని మరికొందరందురు. రెండును నిలువజాలవు.

మొదటి వాదమున కాయకమునకును, చాకిరికిని గల భేదము మరువబడినది. ఆవిరి ఇంజనుపై ఫైర్‌మన్ ఒక్క ప్రయాణములో టన్నుల కొద్ది బొగ్గును పారతో పొయ్యిలోనికి ఎగద్రోయవలసి వచ్చెడిది. నెల్లూరు సీమ ఎండలలో, ఎదుట అగ్నిగుండముతో, వాని శరీరము పడిన బాధను కైలాసమని ఎవరును వర్ణింపరాదు. పాత పెట్టెలకు మర కప్లింగు తగిలించుటకు మనిషి రెండు పెట్టెల నడుమ దూరవలసినదే. ఒక్క క్షణము ఏమరినచో వాని ప్రాణమే పోవును. దానంతట అదే తగులుకొను నడిమి కప్లింగు ఆ మనిషిని మృత్యువు నోటినుండి వెలుపలికి లాగినది. అట్టి యంత్రమును నిందించువాడు తన బిడ్డను ఆ పెట్టెల నడుమకు పంపుటకు సిద్ధపడవలెను. పనిముట్టు పోవుట వేరు, పని పోవుట వేరు. పార పోయి మీట వచ్చినంతమాత్రమున కాయకము నశింపదు. బుట్టలల్లిన మేదర కేతయ్య, బట్టలుతికిన మడివాలు మాచయ్య, తాళ్ళు పేనిన నులియ చందయ్య శరణులైనది చేతిలోని పనిముట్టు వలన గాదు. నిజాయితీతో చేసిన పనిని సమాజమునకు సమర్పించుట వలన. మనిషికి సమర్పించుటకు ఏ పనియు మిగులని నాడే కాయకమునకు హాని.

రెండవ వాదము మరింత ప్రమాదకరమైనది. యంత్రము వర్షము వలె ఆకాశమునుండి తనంతట తాను కురియునని అది నమ్మించును. పరిశోధన ఏ దిక్కున సాగవలెనో నిర్ణయించునది మానవుడే, ఆ నిర్ణయమునకు బలమిచ్చునది ధనమే అనుటకు అమెరికా చరిత్రలో ఒక తార్కాణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము లోహమును కోయు యంత్రములను స్వయంచాలకము చేయుటకు రెండు దారులు కనబడినవి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు 1946–47 ప్రాంతమున చేపట్టిన పద్ధతిలో నేర్పరియైన పనివాడు మొదటి వస్తువును తన చేతులతో చేయును. అతని కదలికలను టేపుపై నమోదు చేసికొని యంత్రము తక్కిన వస్తువులను అట్లే చేయును. రెండవ పద్ధతిలో కదలికలన్నియు కార్యాలయమున గణితముచే నిర్ణయింపబడి, చిల్లులు పొడిచిన టేపు ద్వారా యంత్రమునకు అందును. ఈ రెండవ పద్ధతిని అమెరికా వైమానిక దళపు ధనసహాయముతో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము అభివృద్ధి చేసి 1952లో ప్రదర్శించినది. అదియే లోకమున నిలిచినది. విమానముల క్లిష్టమైన భాగములకు అది అనుకూలించిన మాట నిజమే. అయితే పనివాని చేతిలోని అధికారమును యాజమాన్యము తన చేతికి తెచ్చుకొనగోరుటయు నొక కారణమని డేవిడ్ నోబుల్ అను చరిత్రకారుడు 1984లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. వాదమెట్లున్నను, దారులు రెండున్నవనియు, ప్రజాధనము ఒక దారిని రాజమార్గముగా చేసినదనియు స్పష్టము. దారిని ఎన్నుకొన్నవారు ఆ దారిలో నలిగినవారిని విధి నలిపినదని చెప్పి తప్పుకొనరాదు.

ప్రజాధనమును వెచ్చించువాని నడత ఎట్లుండవలెనో బసవేశ్వరుని జీవితమే చెప్పుచున్నది. ఆయన బిజ్జలుని భండారి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందు, బసవన్న రాజభాండారమును జంగమార్చనకు దోచిపెట్టెనని కొండెగాండ్రు చెప్పగా, లెక్క చూచినప్పుడు ధనము ఏ కొరతయు లేక నిండుగా కనబడిన కథ కలదు. ఆ కథలోని మహిమను నమ్మువారు నమ్ముదురు. నీతి మాత్రము అందరిదియు: ఎంత గొప్ప ప్రయోజనమునకైనను, సాధారణ ధనమును తాకిన చేయి లెక్క చూపుటకు సిద్ధముగా నుండవలెను. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేసెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు అతని భార్య లక్కమ్మ ఆ అధికమును మరల అచటనే పోసి రమ్మని పంపినది. మిగులు ఎవరిదని ఆమె అడిగిన ప్రశ్న ఎనిమిది వందల సంవత్సరములకు పైబడినను పాతబడలేదు. యంత్రము వలన కలిగిన మిగులు ఎవరిది? బొగ్గు ఆదా వలన, త్వరిత గమనము వలన, తగ్గిన కూలి వలన చేరిన మిగులులో ఎవరి పని పోయినదో వారికి భాగము లేకున్నచో, ఆ మిగులు లక్కమ్మ యింట చేరదగినది గాదు.

ఇంజనీరు ఇచట ఒక న్యాయమైన అభ్యంతరము తెలుపవచ్చును. ప్రతి ఊరి నష్టమును లెక్కించుచు కూర్చున్నచో ఏ నూతన కల్పనయు వెలుగు చూడదనియు, జాలిచేత పాత షెడ్డును నిలిపినచో అదియు ప్రజాధనమును బూడిద చేయుటయే యనియు అతడనును. ఆ మాటలో సత్యము కలదు. ఆలస్యమునకును పాపము కలదు. బండి ప్రమాద సంకేతమును దాటబోయినను, ఎదుట మరియొక బండి ఉన్నను తానే బ్రేకు వేయు కవచ్ అను వ్యవస్థను ఆర్.డి.ఎస్.ఓ. దేశీయ సంస్థల తోడ్పాటుతో రూపొందించినది. 2022 మార్చి 4న తెలంగాణలోని గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల నడుమ దానిని ఇంజన్లతో పరీక్షించి చూపిరి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు ప్యాసింజరు బండ్లు ఢీకొని పలువురు మరణించినప్పుడు ఆ మార్గమున కవచ్ ఇంకను ఏర్పడలేదు. డ్రైవరు కాయకమును తీసివేయక, అతని వెనుక కాపుగా నిలుచు ఇట్టి పరిశోధన ఎంత త్వరగా పట్టాలకు చేరిన అంత మేలు.

కావున ధర్మము పరిశోధనను ఆపుమని చెప్పుట లేదు. లెక్కను పూర్తి చేయుమని చెప్పుచున్నది. ఒక కొత్త యంత్రమునకు వ్యయపట్టిక వ్రాయునప్పుడు ఉక్కు, రాగి, విద్యుత్తు, జీతములు అన్నియు అందు చేరును. ఆ యంత్రము వలన పని కోల్పోవువారికి నేర్పవలసిన కొత్త విద్య, ఖాళీపడు ఊరికి కల్పింపవలసిన కొత్త ఆధారము అను రెండు పద్దులు అందు చేరవు. అవి చేరనంతకాలము ఆ యంత్రము చవుకగా వచ్చినదని చెప్పుట అసత్యము. దాని వెలలో కొంత భాగమును బిట్రగుంట వంటి ఊరు ఎవరికిని తెలియకుండ చెల్లించుచున్నది. ఈ రెండు పద్దులు యంత్రము వచ్చిన ఇరువది యేండ్లకు గాక, నమూనా గీయుచున్ననాడే వ్రాయబడవలెను. కొత్త ఇంజనుకు పాత ఫిట్టరు అక్కరకు రాడని తేల్చుటకు ముందు, అతని నేర్పునకు అందులో చోటు కల్పించు దారి కలదా యని గీయువాడే విచారింపవలెను.

ఇట్లు చేసినను ఋణము పూర్తిగా తీరదు. ఆవిరి చప్పుడును చెవితో విని ఇంజను రోగమును చెప్పగల పనివాని నేర్పునకు వెలకట్టి తిరిగి ఇచ్చుట ఎవరి తరమును గాదు. తీరని ఋణము ఉన్నదని ఒప్పుకొనుట మాత్రము అందరి తరమే. బిట్రగుంటలోని విశాలమైన రైల్వే స్థలములలో ఏదైనను ఒక కర్మాగారము రావలెనన్న కోరిక ఆ ప్రాంతమున చిరకాలముగా వినబడుచున్నది. దానిని వెనుకబడిన ఊరి మొరగా విని, దయ తలచినట్లు మాటలాడుట తగదు. తన శ్రమతో రైల్వే రాబడిని పెంచి, ఆ రాబడితో సాగిన పరిశోధనకు తానును పెట్టుబడి పెట్టి, దాని ఫలము వలననే తన పనిని కోల్పోయిన ఊరు అది. దయ చూపువాడు ఇచ్చినను ఇవ్వకున్నను అడుగువాడు లేడు. అప్పుపడినవాడు ఇచ్చి తీరవలెను.