పుట్టలో పాలు, గలీబులో పాము

నాగుల చవితి దగ్గరికొస్తోంది కదా, పూజా విధానం వీడియోలో చెప్పుకున్నాం. అందులో చెప్పలేకపోయిన ఒక మాట ఇక్కడ రాస్తున్నాను.

కిందటేడు ఇదే రోజుల్లో డాలస్‌లో మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. పదేళ్ల మేనల్లుడు ఒక పామును పెంచుతున్నాడు. బాల్ పైథాన్, ఆఫ్రికా జాతి, విషం ఉండదు. పేరు బిస్కెట్! అక్కడ పెంచుకోవచ్చు. మన నాగుపామును ఇంట్లో పెట్టుకుంటే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అక్కకి ఆఫీసు. చెకప్‌కి నేనే తీసుకెళ్లాల్సొచ్చింది. దిండు గలీబులో పెట్టి, ముడేసి, డబ్బాలో ఉంచి వాడు వెనక సీట్లో పట్టుకున్నాడు. దారంతా నా నోట సుబ్రహ్మణ్య స్తోత్రమే. భక్తితో కాదండీ, భయంతో.

డాక్టరమ్మ బరువు తూచింది. నోరు తెరిచి చూసింది. పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది. కుబుసంతో పాటు పాత పొర ఊడిందో లేదో చూసింది. బరువు తగ్గింది. నెల నుంచి ఎలుకను ముట్టలేదు. "పెట్టెలో వేడి ఎంత ఉంటోంది?" అని అడిగితే వాడు తల దించేశాడు. పాపం ఉక్కపోస్తుందేమోనని హీటర్ ఆపేశాడట. పాము ఒంట్లో మనలాగా వేడి పుట్టదు. బయటి వేడి లేకపోతే తిన్నది అరగదు. వాడి జాలే దానికి జబ్బయింది.

తిరిగొస్తుంటే వాడు ఏడుస్తూ అడిగాడు: "మామయ్యా, నేను దాన్ని ప్రేమించాను కదా?"

జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అంతకు రెండేళ్ల ముందు, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి పాము వస్తే నలుగురు కర్రలతో కొట్టారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. అది జెర్రిపోతు అని, విషం లేదని తర్వాత తెలిసింది. ఆ కార్తీకంలోనే పుట్టకెళ్లి పాలు పోసొచ్చాను.

మహాభారతం ఆదిపర్వంలో రురుడి కథ ఉంది. భార్యను పాము కరిచిందన్న కోపంతో కనిపించిన ప్రతి పామునూ చంపుతూ, ఒకరోజు విషం లేని డుండుభం మీద కర్ర ఎత్తుతాడు. నేనేం చేశానని అది అడుగుతుంది. రురుడు ఆగాడు. నేను ఆపలేదు.

భయంతో కొట్టినా, భయంతో మొక్కినా మనం చూసేది మన ప్రాణాన్నే, ఎదుటి ప్రాణాన్ని కాదు. దానికేం కావాలో తెలుసుకోని ప్రేమ కూడా అంతే. పాము పాలు తాగే జీవి కాదు. పాలు తాగిస్తున్నామంటూ కొందరు దాన్ని ముందు దాహంతో మాడుస్తారు, కోరలు పీకేస్తారు. అది చూసి మనం దండం పెడతాం!

మరి అమ్మ చేసే పూజ తప్పా? కాదనే అనుకుంటున్నాను. నాగయ్యా, తెలియక తొక్కితే క్షమించు అని అమ్మ మొక్కుకుంటుంది. ఆ మొక్కులో భయం ఉంది, కానీ నువ్వూ ఈ నేల మీద ఉండాల్సినవాడివే అన్న ఒప్పుకోలూ ఉంది. ఆ ఒప్పుకోలు సెల్లార్ దాకా రావాలి, అంతే.

ఈసారి చలిమిడి, చిమ్మిలి పుట్ట బయటే నైవేద్యం పెడతాను. కన్నంలో పాలు పొయ్యను. పాములు పట్టి అడవిలో వదిలేవాళ్ల నంబరు మా వాచ్‌మన్ గదిలో గోడ మీద రాయించాను. మీరూ రాయించండి.

బిస్కెట్ మళ్లీ తింటోంది. వాడిని అది గుర్తుపడుతుందో లేదో తెలీదు. వాడు మాత్రం రోజూ పొద్దున్నే వేడి ఎంతుందో చూసి రాసుకుంటున్నాడు. నాకు అదీ పూజలాగే కనిపిస్తోంది.

శుభం.