దారిలో దైవమెవరు?

మానవ ప్రయత్నమునకు అవధి యెక్కడ, దైవానుగ్రహమునకు ఆరంభమెక్కడ అను ప్రశ్నను మన పెద్దలు వేలయేండ్లుగా విచారించుచున్నారు గాని, అది శాస్త్రగోష్ఠులలో పుట్టి అక్కడనే తీరిపోవునది కాదు. శ్రీశైల మల్లికార్జునుని దర్శనమునకై హైదరాబాదునుండి బయలుదేరిన కుటుంబమొకటి మన్ననూరు దాటి నల్లమల నడుమకు వచ్చిన పిదప, కారు చక్రమున మేకు దిగి గాలియంతయు పోయి, వెనుకనున్న స్టెప్నీని దింపి చూడగా అదియు మెత్తబడియే యున్నదని తెలిసినప్పుడు, ఆ ప్రశ్న ఆ దారి యంచుననే వారికెదురుగా వచ్చి నిలుచును. ముందు కొండమలుపులు, ఇరువైపుల అడవి, చేతిలోని ఫోనుకు సిగ్నలు లేదు, ప్రొద్దు వ్రాలుచున్నది; పులుల అభయారణ్యము గనుక రాత్రివేళ ఆ దారి గేట్లను మూసివేయుదురు.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమందు వర్ణించిన శ్రీశైల యాత్రికులకు ఈ చిక్కు లేదు. వారు గుంపులుగా నడచిరి, ఒకడు కూలబడినచో ఆ ప్రక్కవాడే అతనికి ఆధారము. కారు మనకు వేగమునిచ్చి, ఆ ప్రక్కవానిని దూరము చేసినది. తొలినాటి కార్లకు అదనపు చక్రమే లేకుండెను. 1904లో వేల్సు దేశమున లనెల్లీ పట్టణమందు డేవిస్ సోదరులు ఆ లోపమును పూరించిరి. నేడు కాలచక్రము మరల వెనుకకు తిరిగినది: ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులోని గాలిని తెలుపు యంత్రము, పంక్చరు కిట్టు కలిగి, బరువు మూడున్నర టన్నులు మించని కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో భారత ప్రభుత్వము నిబంధనలను సవరించినది. కావున స్పేరు లేకుండ దారిలో నిలిచిపోవుట ఇకమీదట కేవలము అజాగ్రత్తపరుల పాలిటి విపత్తు కాదు. అది ఎవనికైనను రాదగిన స్థితి.

అట్టివేళ మొదట చేయవలసినదేమి? "అంతా మల్లన్న చూచుకొనును" అని చేతులు ముడుచుకొని కూర్చుండుట భక్తి యనిపించుకొనదు. తెంగలై వైష్ణవులు మార్జాలకిశోర న్యాయమును చెప్పి, పిల్లికూన తల్లినోట తన్ను తాను విడిచినట్లు జీవుడు భగవంతునికి వశుడు కావలెననిరి. కాని ఆ మాట మోక్షమునుగూర్చినదే గాని, చేతనైన పనిని మానుకొమ్మని ఏ ఆచార్యుడును చెప్పియుండలేదు. యోగవాసిష్ఠము, ముముక్షువ్యవహార ప్రకరణమున, దైవమనబడునది మన పూర్వప్రయత్నమే గాని వేఱొండు కాదని, నేటి పౌరుషముచే నిన్నటి కర్మమును జయింపవచ్చునని, వసిష్ఠునిచేత శ్రీరామునకు బోధింపజేసినది.

కావున బండిని మలుపులో నిలుపక, చక్రము చెడినను సరే యని వెడల్పుగల అంచువరకు మెల్లగా నడుపవలెను. హెచ్చరిక దీపములు వెలిగించి, ఎఱ్ఱ త్రికోణపు పలకను వెనుక దూరముగా నిలిపి, చక్రముల క్రింద రాళ్లు పెట్టి, పిల్లలను రోడ్డునకు ఎడముగా, అడవిలోనికి పోనీయక నిలుపవలెను. మేకును తొందరపడి పెరికివేయరాదు. అది దిగబడియున్నంతసేపు గాలి సాధారణముగా మెల్లగనే పోవును గనుక, పంపు ఉన్నచో గాలి నింపి నిదానముగా కొంత దూరము పోవచ్చును. కిట్టు ఉన్నవాడు మేకును పటకారుతో లాగి, గరుకు పుల్లను ఆ రంధ్రమున త్రిప్పి శుభ్రపఱచి, జిగురు పట్టీని సూదికెక్కించి లోనికి నెట్టి, సూదిని ఒక్క ఊపున వెలికిలాగి, మిగిలిన కొసలను కత్తిరించి, డ్రైవరు తలుపుచట్రము మీద వ్రాసియున్న కొలతకు గాలి పట్టించి, సబ్బునీటితో తడిపి బుడగలు రాలేదని చూచుకొనును. ఆ నాలుగంగుళముల పట్టీ యందు మానవప్రయత్నము ఎంత నిండుగా నున్నదో, మోకాళ్లపై వంగి ఆ పనిచేసినవాడే ఎఱుగును.

అయితే ఆ మేకు నేలనానెడి భాగమున గాక టైరు ప్రక్కగోడను చీల్చినచో పట్టీ పనికిరాదు; పంపు పనికిరాదు; నేర్పును పనికిరాదు. అచ్చట ఒంటరి పురుషకారము, అనగా మానవప్రయత్నము, ముగియును. ఒక్క చక్రముతో రథము నడువనట్లే, పురుషకారము లేక దైవము ఫలింపదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. ఆ న్యాయమే తలక్రిందులుగను సత్యము: దైవము తోడు లేక పురుషకారమును ఫలింపదు. కర్ణుని రథచక్రమును భూమి మ్రింగినప్పుడు అతడు నేలకు దుమికి రెండు చేతులతో దానిని పెకలింప జూచెను. భుజబలమునకు అతనికి లోటు లేదు, పట్టుదలకు లోటు లేదు. లేనిదల్లా చక్రమునకు రెండవ ప్రక్కన నిలువదగిన తోడు. కోరిన గడువు నీయవలసినవాడు శత్రువు. ధర్మము పేర అడిగిన అతనికి, ద్రౌపదిని సభకీడ్చిననాడు ఆ ధర్మము ఎక్కడ పోయినదని శ్రీకృష్ణుడు బదులు చెప్పెను. యుద్ధభూమిలో ఆ ప్రశ్న తగినదే కావచ్చును గాని, దారిలో అది తగదు. చక్రము కూలబడి నిలుచున్నవానిని చూచి, వీడు సహాయమునకు పాత్రుడా, స్టెప్నీ ఏల చూచుకొనలేదు, ఏ కులమువాడు, ఏ దేవుని కొలుచువాడు అని విచారించు అధికారము దారిని పోవువానికి లేదు.

ఇచ్చటనే నాకు ఆ పురాతన ప్రశ్నకు సమాధానము తోచుచున్నది. దారిలో నిలిచిపోయినవాడు ఎదురుచూచు దైవము ఆకాశమునుండి దిగివచ్చునది కాదు. ఆ మలుపు తిరిగి వచ్చుచున్న లారీలోని డ్రైవరు, బ్రేకు వేయుదునా వద్దా యని తలపోయు ఆ ఒక్క క్షణమే ఆ దైవము. అతడు ఆగి, జాకీ దింపి, విప్పిన చక్రమును తన బండిలో వేసికొని సున్నిపెంట వరకు తీసికొనిపోయి, పంక్చరు దుకాణమున దింపినచో, అతనికది ప్రయత్నము, వీరికది అనుగ్రహము. ఒకని దైవము మఱియొకని పురుషకారమే. ఈ దృష్టితో చూచినప్పుడు దైవపురుషకారములకు వైరుధ్యము లేదు. అవి ఒకే కర్మమునకు ఇచ్చువాని వైపునుండి ఒక పేరు, పుచ్చుకొనువాని వైపునుండి మఱియొక పేరు.

అందుచేత చేయి యెత్తి బండి నాపుటలో అవమానము లేదు. స్వయంసమృద్ధిని మహాగుణముగా నెంచు ఈ కాలమున, అడుగుట ఓటమియని మనము పిల్లలకు నేర్పుచున్నాము. శరణాగతికి పెద్దలు చెప్పిన ఆఱంగములలో కార్పణ్యము ఒకటి. తన అశక్తతను దాచక ఒప్పుకొనుట దాని సారము. చేయవలసినదంతయు చేసి, చేతకానిదానిని చేతకాదని చెప్పగలవాడే ఆ అంగమును కొంతయైనను ఎఱిగినవాడు. సిగ్నలు అందినచో, జాతీయ రహదారులపై 1033కు, ఎక్కడనైనను 112కు ఫోను చేయుటయు ఈ అడుగుటయందే చేరును.

మఱి ఆ లారీడ్రైవరు ఋణము తీరుటెట్లు? అతడు పేరు చెప్పడు, డబ్బిచ్చినను పలుమారు పుచ్చుకొనడు, మరల కనబడడు. శతపథబ్రాహ్మణము దేవ ఋషి పితృ ఋణములతోపాటు మనుష్యఋణమును సైతము చెప్పినది. ఈ ఋణముల తీరు చూడుడు: ఋషులకు పడిన అప్పు వేదాధ్యయనముచే తీరును, పితరులకు పడినది సంతానముచే తీరును, మనుష్యులకు పడినది ఇంటికి వచ్చినవానికి ఆశ్రయమును అన్నమును ఇచ్చుటచే తీరును. ఇచ్చినవానికే తిరిగి యీయవలెనన్న నియమము పితృఋణమునకైనను లేదు. తరువాత వచ్చువానికి ఇచ్చుటయే దానిని తీర్చుట. దారిఋణమును ఇట్టిదే.

కావున పాఠకులారా, యాత్రకు బయలుదేరుటకు ముందు స్టెప్నీలో గాలి చూచుకొనుడు. అది లేని బండియైనచో కిట్టును, పంపును వెంట నుంచుకొనుడు. ఇది మీ ధర్మము. కాని దారిలో ఎవరైనను చక్రము ప్రక్కన నిలిచి చేయి యెత్తినప్పుడు, దర్శనమునకు వేళ మించునని ముందుకు సాగిపోకుడు. బండిని భద్రమైన చోట నిలిపి, దిగి, ఏమి కావలెనని అడుగుడు. ఆ ఆలస్యమును మల్లికార్జునుడు దోషముగా నెంచడు.